ఆడని మ్యాచ్‌ల లెక్క రోగనిర్ధారణ కాదు: ఎన్‌బీఏ జట్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జనరల్ మేనేజర్లకు, స్కౌటింగ్ విభాగాల అధిపతులకు, జట్టు వైద్యులకు,

నమస్కారం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఏటా జూన్‌లో దగ్గరపడే కొద్దీ మీ ముందుకు ఇంచుమించు ఒకే రకమైన ప్రశ్న వస్తుంది. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాడు, ఏడడుగుల ఎత్తు, రిమ్ (బాస్కెట్ అంచు) దగ్గర ప్రత్యర్థులను బెదరగొట్టే చేతులు, ఆ ఎత్తులో అరుదుగా కనిపించే చురుకైన అడుగులు. వీటన్నిటితో పాటు పాదం గురించో మోకాలి గురించో వెన్ను గురించో భయపెట్టే వైద్య నివేదిక ఒకటి. అతన్ని తీసుకోవాలా, వదిలేయాలా? రిమ్ దగ్గర ఆడే ఎత్తైన ఆటగాళ్లు, అంటే సెంటర్ల ఆటను ఏళ్ల తరబడి శ్రద్ధగా గమనిస్తూ వస్తున్న మనిషిగా, ఈ ప్రశ్నకు మీలో చాలామంది జవాబు వెతికే తీరు మారాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నా విన్నపం ఒక్కటే. ప్రతిభను, గాయాన్ని కలిపేసి ఒకే అంకెగా మార్చి, ఆ అంకెను బట్టి కుర్రాడిని జాబితాలో నాలుగు స్థానాలో పది స్థానాలో కిందికి దించే పద్ధతిని విడిచిపెట్టండి. అతను ఎన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడన్నది లెక్క మాత్రమే, రోగనిర్ధారణ కాదు. ఏ ఎముక, ఏ కీలు, ఎందువల్ల దెబ్బతింది, ఎలా అతికింది, అందులో కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోతే అతని ఆటలో ఏది నిలుస్తుంది, అతను కోలుకునే వరకు ఓపిక పట్టే స్థోమత మీ జట్టుకు ఉందా అన్న ప్రశ్నలను విడివిడిగా, చివరి వరకు అడగండి. మునుపటి గాయం తర్వాతి గాయానికి బలమైన సూచన అన్నది క్రీడా వైద్యంలో అందరూ అంగీకరించే విషయమే. దాన్ని నేను కాదనడం లేదు. అయితే ఆ సూచన అన్ని గాయాలకూ ఒకే బరువుతో వర్తించదు. మీ అంచనాల్లో ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతున్నాయని నా అభిప్రాయం.

ఈ విషయం మాట్లాడేటప్పుడు పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్ చరిత్రను దాటి వెళ్లడం సాధ్యం కాదు. 1974లో బిల్ వాల్టన్, 1984లో శామ్ బౌవీ, 2007లో గ్రెగ్ ఒడెన్. ముగ్గురూ సెంటర్లే, ముగ్గురినీ డ్రాఫ్ట్‌లో మొదటి రెండు స్థానాల్లోనే తీసుకున్నారు, ముగ్గురి కాళ్లూ పాదాలూ వాళ్ల ప్రతిభను మోయలేకపోయాయి. అందుకే ఎప్పుడు గాయపడిన సెంటర్ పేరు చర్చకు వచ్చినా ఈ మూడు పేర్లనూ ఒకే దండలో గుచ్చి, చూశారా అంటూ ముందుకు తోస్తారు. కానీ దగ్గరగా చూస్తే ఈ మూడూ మూడు వేర్వేరు కథలు, వాటి నుంచి నేర్చుకోవలసినవీ వేర్వేరు పాఠాలు.

బౌవీ కథలో గాయం ముందే తెలుసు. కెంటకీ విశ్వవిద్యాలయంలో ఆడుతుండగా కాలి ఎముకలో వచ్చిన స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడి వల్ల వచ్చే పగులు) కారణంగా అతను 1981-82, 1982-83 సీజన్లు రెండూ పూర్తిగా కోల్పోయాడు. అయినా డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌తో (ఎంపిక వంతుతో) పోర్ట్‌లాండ్ అతన్ని ఎంచుకుంది, మూడో పిక్‌తో షికాగో మైకేల్ జోర్డాన్‌ను తీసుకుంది. మొదటి సీజన్‌లో బౌవీ 76 మ్యాచ్‌లు ఆడాడు, సగటున 10 పాయింట్లు, 8.6 రీబౌండ్లు సాధించాడు. ఆ తర్వాత కాలి ఎముకలు మళ్లీ మళ్లీ విరిగాయి. పోర్ట్‌లాండ్ తరఫున అతను ఆడినవి మొత్తం 139 మ్యాచ్‌లే. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అంతకంటే ముఖ్యమైనది 2012లో అతనే ఒక డాక్యుమెంటరీలో చెప్పాడు. డ్రాఫ్ట్‌కు ముందు జరిగిన వైద్య పరీక్షలో చిన్న సుత్తితో ఎడమ కాలి ఎముక మీద తట్టి నొప్పి ఉందా అని అడిగినప్పుడు లేదని చెప్పాననీ, నిజానికి లోపల నొప్పి ఉందనీ అతను ఒప్పుకున్నాడు.

ఈ ఒక్క విషయం దగ్గర మీరు కాసేపు ఆగాలని కోరుతున్నాను. రెండేళ్లు ఆటకు దూరమై, కుటుంబానికి అండగా నిలవాలన్న ఆరాటంలో ఉన్న యువకుడు తన జీవితాన్ని నిర్ణయించే గదిలో నొప్పి లేదని అన్నాడు. అందులో ఆశ్చర్యపోవలసింది ఏముంది? అతన్ని నిందించడానికి నాకు మనసు రాదు. ఆ పరీక్షను అలా నిర్వహించిన వ్యవస్థనే ప్రశ్నించాలి. నొప్పి ఉందని నిజం చెప్తే కోట్లాది డాలర్లు పోతాయి, లేదని చెప్తే నిలుస్తాయి అన్నప్పుడు, ఆ జవాబు మీద ఆధారపడే పరీక్షకు విలువ ఎంత? ఎముకను సీటీ స్కాన్ చూపగలదు, కీలులో ఎముకల చివర ఉండే మృదులాస్థిని ఎంఆర్‌ఐ చూపగలదు. ఆ కుర్రాడు పొద్దున లేచి మొదటి పది అడుగులు ఎలా వేస్తాడో మాత్రం అతను చెప్తేనే తెలుస్తుంది. కాబట్టి అతను నిజం చెప్పినందుకు నష్టపోని వాతావరణాన్ని కల్పించడం కేవలం దయాగుణానికి సంబంధించినది కాదు. అది మీ అంచనా నాణ్యతకు సంబంధించినది.

బౌవీ ఎంపికలో రెండో పొరపాటు కూడా ఉంది, అది వైద్యానికి సంబంధించినది కాదు. పోర్ట్‌లాండ్‌కు అప్పటికే జోర్డాన్ స్థానంలోనే ఆడే క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు, లేనిది సెంటర్. అవసరం అంత గట్టిగా ఉన్నప్పుడు సందేహాలు చిన్నవిగా కనిపిస్తాయి. గాయం చరిత్ర ఉన్న ఆటగాడి విషయంలో మీ జట్టు అవసరాన్ని అంచనా పట్టికలో అన్నిటికన్నా చివరన చేర్చండి.

ఒడెన్ కథ దీనికి పూర్తిగా భిన్నం. 2007 డ్రాఫ్ట్ నాటికి అతని విషయంలో అందరికీ తెలిసిన గాయం కుడి మణికట్టుది. ఒహాయో స్టేట్ తరఫున ఆ సీజన్‌లో కొంతకాలం అతను ఎడమ చేత్తో ఫ్రీ త్రోలు వేశాడు. అదే ఏడాది కాలేజీ ఫైనల్లో ఫ్లోరిడా మీద 25 పాయింట్లు, 12 రీబౌండ్లు, 4 బ్లాక్‌లు సాధించాడు. మోకాలి మృదులాస్థి దెబ్బతిన్న సంగతి డ్రాఫ్ట్ అయ్యాక సెప్టెంబరులో బయటపడింది. మృదులాస్థి స్థానంలో కొత్త కణజాలం పెరిగేలా చేసే మైక్రోఫ్రాక్చర్ శస్త్రచికిత్సతో మొదటి సీజన్ మొత్తం పోయింది. తర్వాత 61 మ్యాచ్‌లు, ఆపై 21 మ్యాచ్‌ల వద్ద ఎడమ మోకాలి చిప్ప విరగడం, 2010లో రెండో మోకాలికీ మైక్రోఫ్రాక్చర్. పోర్ట్‌లాండ్‌లో అతని ఖాతాలో మిగిలినవి 82 మ్యాచ్‌లు. ఫలితం ఘోరమే, కానీ నిర్ణయం తీసుకున్న నాటికి అందుబాటులో ఉన్న సమాచారాన్ని బట్టి చూస్తే అది మూర్ఖపు నిర్ణయం కాదు. అదే డ్రాఫ్ట్‌లో ఒడెన్ తర్వాత రెండో పిక్‌గా వెళ్లిన కెవిన్ డ్యురాంట్ ముందుముందు ఎంత గొప్పవాడయ్యాడన్నది ఆ రోజు జరిగిన అంచనాకు కొలత కాజాలదు. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచే అలవాటు వల్లనే ఒక తరం జనరల్ మేనేజర్లు పెద్ద శరీరం ఉన్న ప్రతి కుర్రాడిలోనూ ఒడెన్‌నే చూడటం మొదలుపెట్టారు.

ఇక అసలు విషయానికి, గాయాల రకానికి వస్తాను.

పాదం మధ్యలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. పరుగెత్తేటప్పుడు, దూకేటప్పుడు పాదం వంపు మీద పడే ఒత్తిడిలో ఎక్కువ భాగం దాని గుండానే సాగుతుంది. అయితే ఆ ఎముక మధ్య భాగానికి రక్తప్రసరణ తక్కువ. అందువల్ల అక్కడ వచ్చిన పగులు నెమ్మదిగా అతుకుతుంది, ఒక్కోసారి అతకదు, స్క్రూలు బిగించినా మళ్లీ తెరుచుకునే అవకాశం ఉంటుంది. వాల్టన్‌ను కుంగదీసిన ఎముక ఇదే, జైడ్రూనాస్ ఇల్గౌస్కాస్‌ను ఏళ్ల తరబడి బెంచీకి పరిమితం చేసిందీ ఇదే. 2014లో జోయెల్ ఎంబీడ్ డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు కుడి పాదంలో విరిగిందీ ఇదే.

ఎంబీడ్ ఉదాహరణ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అయినా దాన్ని మరో కోణంలో చూడమని అడుగుతున్నాను. కామెరూన్‌లో పెరిగి, కౌమారంలో ఆలస్యంగా బాస్కెట్‌బాల్ చేతపట్టిన అతను కాన్సాస్ తరఫున 28 మ్యాచ్‌లే ఆడాడు. వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వల్ల కాలేజీ సీజన్ చివర ఆడలేకపోయాడు. ఆపై పాదం విరిగింది. మొదటి పిక్‌కు గట్టి పోటీదారు అనుకున్న అతన్ని క్లీవ్‌లాండ్, మిల్వాకీ వదిలేయగా మూడో పిక్‌తో ఫిలడెల్ఫియా తీసుకుంది. రెండో శస్త్రచికిత్స అవసరమైంది, రెండు సీజన్లు పూర్తిగా పోయాయి, 2016 అక్టోబరులో గానీ అతను తొలి మ్యాచ్ ఆడలేదు. ఆ సీజన్‌లో 31 మ్యాచ్‌లలో, సగటున పాతిక నిమిషాల ఆటలోనే 20 పాయింట్లు దాటాడు. తర్వాత రెండుసార్లు లీగ్‌లో అత్యధిక పాయింట్ల సగటు, 2022-23లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం. అదే సమయంలో 2023-24లో 39 మ్యాచ్‌లు, 2024-25లో 19 మ్యాచ్‌లు మాత్రమే ఆడగలిగాడు.

ఇక్కడ నేను గమనించమని కోరేది ఏమిటంటే, డ్రాఫ్ట్ రోజున జట్లను బెదరగొట్టింది కుడి పాదం, తర్వాతి సంవత్సరాల్లో అతన్ని ఎక్కువగా వేధించింది ఎడమ మోకాలు. ఆ రోజు భయపడ్డవారిది పూర్తిగా తప్పు కాదు, ధైర్యం చేసినవారిదీ పూర్తిగా ఒప్పు కాదు. భారీ శరీరం, ఏళ్ల తరబడి పడే భారం అనే విశాలమైన ప్రమాదం నిజమైనదే. ఒక ఎముక చిత్రాన్ని చూసి అదే ఎముక అతని వృత్తిని ముగిస్తుందని తేల్చేయడం మాత్రం నిలబడలేదు. ఈ తేడాను మీ నివేదికలు చాలా అరుదుగా నమోదు చేస్తాయి.

ఇల్గౌస్కాస్‌ను నేను ఇంకా ముఖ్యమైన ఉదాహరణగా భావిస్తాను, ఎందుకంటే అతను సూపర్‌స్టార్ కాదు. 1996లో 20వ పిక్‌తో క్లీవ్‌లాండ్ అతన్ని తీసుకుంది. మొదటి సీజన్ పాదం గాయంతో పోయింది. మరుసటి ఏడాది మొత్తం 82 మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాతి మూడు సీజన్లలో వరుసగా 5, సున్నా, 24. ఆడని మ్యాచ్‌లను మాత్రమే లెక్కపెట్టే పద్ధతిలో అయితే 2001 నాటికి అతని కథ ముగిసిపోయినట్టే. కానీ పగిలిన చోటల్లా స్క్రూ బిగించి వదిలేయకుండా, పాదం మీద బరువు పడే తీరునే మార్చే శస్త్రచికిత్స జరిగింది. 2002-03లో 81 మ్యాచ్‌లు ఆడి ఆల్‌స్టార్ అయ్యాడు, 2005లో మళ్లీ అయ్యాడు, 2011 దాకా ఆడాడు. 11వ నంబరు జెర్సీని క్లీవ్‌లాండ్ శాశ్వతంగా అతని పేరిట ఉంచింది. బ్రూక్ లోపెజ్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 2011-12లో 5 మ్యాచ్‌లు, 2013-14లో 17 మ్యాచ్‌లకే పాదం గాయాలు అతన్ని ఆపేశాయి. ఆ తర్వాత అతను మన్నికకు పేరుపడ్డ ఆటగాడయ్యాడు, 2021లో మిల్వాకీ గెలిచిన టైటిల్‌లో రిమ్‌కు కాపలాగా నిలిచాడు. పగులును పూడ్చడం ఒకటి, పగులు ఎందుకు వచ్చిందో దాన్ని సరిదిద్దడం మరొకటి. యువ సెంటర్ నివేదిక మీ చేతికి వచ్చినప్పుడు శస్త్రచికిత్స జరిగిందా లేదా అని కాకుండా, కారణాన్ని ముట్టుకున్నారా లేదా అని మీ వైద్యులను అడగండి.

మోకాలి విషయంలో ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. మోకాలి కీలులో మెత్తలా పనిచేసే మెనిస్కస్ చిరిగినప్పుడు దాన్ని కుట్టారా, కత్తిరించి తీసేశారా? కుడితే కోలుకోవడానికి నెలలు ఎక్కువ పడతాయి, కనుక ఆడని మ్యాచ్‌ల లెక్క పెరుగుతుంది. తీసేస్తే కుర్రాడు త్వరగా కోర్టులోకి వస్తాడు, లెక్క బాగుంటుంది, కానీ కీలులో మెత్తదనం తగ్గి ముందుముందు అరుగుదల పెరిగే ప్రమాదం మిగులుతుంది. అంటే మీ పట్టికలో మెరుగ్గా కనిపించే కుర్రాడే పదేళ్ల దృష్టితో చూస్తే ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చు. మైక్రోఫ్రాక్చర్‌లోనూ ఎముకకు సన్నటి రంధ్రాలు చేసి రక్తంతో కొత్త కణజాలం ఏర్పడేలా చేస్తారు, అయితే అలా ఏర్పడేది మొదటి మృదులాస్థి అంత దృఢమైనది కాదు. 120 కిలోల శరీరానికి ఆ తేడా చిన్నది కాదు. మరోవైపు యువకుల వెన్నుపూసలో వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లు పేరు వినడానికి భయంకరంగా ఉన్నా తగిన విశ్రాంతితో చాలావరకు నయమవుతాయి. కింద పడినప్పుడు చెయ్యి విరగడం, మరొకరి కాలి మీద దిగి చీలమండ మెలిక పడటం లాంటివైతే ఆ శరీరం గురించి మనకు దాదాపు ఏమీ చెప్పవు. వీటన్నిటినీ కలిపి అతను గాయాలకు అలవాటు పడ్డవాడని ముద్ర వేయడం అన్యాయం. అంతకు మించి అది అశాస్త్రీయం.

వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పదిహేను, పదహారేళ్ల వయసులో ఒక్కసారిగా ఎత్తు పెరిగిన కుర్రాళ్లలో ఎముక పొడవు ముందు పరుగెత్తుతుంది, కండరాల బలం, సమన్వయం వెనక పడతాయి. కాలేజీ సీజన్‌లో ముప్పై పైచిలుకు మ్యాచ్‌లు ఆడినవాడు ఏడాది తిరక్కుండా 82 మ్యాచ్‌ల సీజన్‌లోకి దిగుతాడు. ఆ వయసులో వచ్చిన స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను శరీరంలో పుట్టుకతో ఉన్న లోపంగా చదవాలా, శిక్షణ భారం హఠాత్తుగా పెరిగినందువల్ల వచ్చిన ఫలితంగా చదవాలా అన్నది తేల్చాలంటే గాయానికి ముందు ఆరు నెలలు అతను ఎంత ఆడాడు, ఎంత నిద్రపోయాడు, ఏం తిన్నాడు అన్న వివరాలు కావాలి. 7 అడుగుల 6 అంగుళాల యావో మింగ్ మొదటి మూడు సీజన్లలో 82, 82, 80 మ్యాచ్‌లు ఆడాడని మరిచిపోవద్దు. ఆ రోజు ఎవరైనా అతన్ని మన్నికకు ఉదాహరణగా చూపి ఉండేవారు. సీజన్ ముగిశాక వేసవిలో జాతీయ జట్టు తరఫున ఆట, పాదం పగులు నుంచి కోలుకున్న కొద్ది నెలలకే 2008 బీజింగ్ ఒలింపిక్స్, ఆపై మళ్లీ సీజన్. 2011లో అతను రిటైర్ అయ్యేనాటికి మొత్తం 486 మ్యాచ్‌లే. గాయాలు లేని గతం కూడా హామీ కాదన్న సంగతి గాయపడిన కుర్రాడిని పక్కన పెట్టి ఆరోగ్యంగా కనిపించే మరో సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి.

వైద్య నివేదికను పక్కన పెట్టి వీడియో చూసేటప్పుడు మీ స్కౌట్లు ఏం వెతకాలన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి ఉన్న భాగం. గాయానికి ముందు అతను వేసిన డంక్‌లు అందరూ చూస్తారు. నేనైతే తిరిగి వచ్చిన తర్వాతి మ్యాచ్‌ల నాలుగో క్వార్టర్ చూడమంటాను. అలిసిపోయినప్పుడు రెండు కాళ్ల మీద సమంగా దిగుతున్నాడా, దెబ్బ తగిలిన కాలిని తప్పిస్తున్నాడా? మొదటి దూకు అందరికీ ఉంటుంది, మొదటి ప్రయత్నం తప్పాక వెంటనే రెండోసారి లేవగలుగుతున్నాడా? పిక్ అండ్ రోల్‌లో, అంటే సహచరుడి అడ్డు చాటున ప్రత్యర్థి గార్డు బంతితో వచ్చినప్పుడు, అతని మీదికి వచ్చి మళ్లీ రిమ్ వైపు వెనక్కి మళ్లేటప్పుడు నడుము దించగలుగుతున్నాడా, నిటారుగా నిలబడి చేతులతో నెట్టుకొస్తున్నాడా? ఈ మూడు చూస్తే ఎంఆర్‌ఐ చెప్పనిది చాలా తెలుస్తుంది.

అతనికి ఎగిరే శక్తి పూర్తిగా తిరిగి రాకపోతే ఏం మిగులుతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. పోర్ట్‌లాండ్ చరిత్రలోనే దీనికి అద్భుతమైన జవాబు ఉంది, విషాదాల జాబితా చదివేవాళ్లు దాన్ని ఎందుకో వదిలేస్తారు. అర్విడాస్ సబోనిస్‌ను 1986లో ఆ జట్టు 24వ పిక్‌తో తీసుకుంది. అతను అమెరికా వచ్చింది 1995లో, ముప్పై ఏళ్లు దాటాక, మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువు గాయాలతో యౌవనంలోని వేగమంతా పోయాక. అయినా మొదటి సీజన్‌లో 73 మ్యాచ్‌లు ఆడి, సగటున 24 నిమిషాల లోపే 14.5 పాయింట్లు, 8.1 రీబౌండ్లు సాధించాడు. కాళ్లు కదలకపోయినా అతని చేతులు, చూపు, పాస్ ఇచ్చే తెలివి కదిలాయి. కాబట్టి మీ ముందున్న కుర్రాడు గాలిలో బంతి అందుకోవడం, బ్లాక్ చేయడం తప్ప మరేమీ చేయలేనివాడైతే, గాయం అతని మొత్తం విలువను తినేస్తుంది. అదే కుర్రాడికి ఫ్రీ త్రో శాతం బాగుండి, ఎల్బో (ఫ్రీ త్రో గీత మూల) దగ్గర నిలబడి రిమ్ వైపు కట్ చేసే సహచరుడిని చూడగల దృష్టి ఉండి, స్క్రీన్ (సహచరుడి కోసం ప్రత్యర్థికి అడ్డుగా నిలబడటం) కోణం మార్చే నేర్పు, రక్షణలో గొంతెత్తి సహచరులను సరిదిద్దే అలవాటు ఉంటే, దూకులో కొంత పోయినా అతనొక వృత్తి ఆటగాడు. లోపెజ్ మూడు పాయింట్ల షాట్ నేర్చుకుని రెండో జీవితం తెచ్చుకున్నాడంటే అతని చేతిలో ఆ నైపుణ్యం పెరగడానికి చోటు ముందే ఉంది.

ఇంత చెప్పాక, ఎప్పుడు వదులుకోవాలో కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. సాధారణ స్థాయి సెంటర్ కోసం గాయం ప్రమాదాన్ని నెత్తిన వేసుకోవద్దు. స్క్రీన్ పెట్టి రిమ్ వైపు పరుగెత్తి రీబౌండ్ పట్టే ఆటగాడు నేటి మార్కెట్‌లో తక్కువ ఖర్చుకే దొరుకుతాడు, అలాంటివాడి కోసం మొదటి రౌండ్ పిక్‌ను పణంగా పెట్టడం అర్థం లేనిది. మృదులాస్థి శాశ్వతంగా పోయిన మోకాలు, కారణం తేలకుండా రెండు కాళ్లలోనూ మళ్లీ మళ్లీ వచ్చే ఎముక పగుళ్లు, ఇవి ఉన్నప్పుడు ఎంత ప్రతిభ ఉన్నా అగ్ర పిక్ వద్దనే నేనూ అంటాను. ప్రమాదం భరించదగినది అసాధారణమైన వాడి కోసమే.

అసాధారణమైన వాడిని తీసుకున్నాక మీ పని అక్కడితో ముగియదు. అతను ఏమవుతాడన్న అంచనాలో మీరు అతనితో ఏం చేస్తారన్నది కూడా భాగమే. 2022లో రెండో పిక్‌గా ఓక్లహోమా సిటీకి వచ్చిన చెట్ హోల్మ్‌గ్రెన్ ఆ ఆగస్టులోనే పాదం మధ్య కీళ్లకు సంబంధించిన లిస్‌ఫ్రాంక్ గాయంతో మొదటి సీజన్ పూర్తిగా కోల్పోయాడు. ఆ జట్టుకు తొందర లేదు. మరుసటి సీజన్ అతను 82 మ్యాచ్‌లూ ఆడాడు. 2024 నవంబరులో తుంటి ఎముక విరిగినప్పుడు కూడా ఆగారు, 2025 జూన్‌లో టైటిల్ గెలిచిన జట్టులో అతను ముఖ్యుడు. ఫిలడెల్ఫియా ఎంబీడ్‌ను మొదటి సీజన్‌లో నిమిషాల పరిమితితో, వరుస రోజుల మ్యాచ్‌లకు దూరంగా ఉంచి ఆడించింది. దీనికి భిన్నంగా 1978 ప్లేఆఫ్స్‌లో వాల్టన్ నొప్పి తెలియనివ్వని ఇంజెక్షన్‌తో ఆడాడు, ఆ తర్వాత పాదంలో ఎముక విరిగిందని తేలింది. ఏడాది ముందు జట్టుకు టైటిల్ తెచ్చి, ఆ సీజన్‌లో లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచినవాడు మరుసటి సీజన్ మొత్తం ఆడలేదు, మళ్లీ పోర్ట్‌లాండ్ తరఫున ఎప్పుడూ ఆడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జట్టుకు గాయాల చరిత్ర ఉన్న సెంటర్‌ను తీసుకునే అర్హత లేదని నేను అంటాను. ఆ ఏడాదే ప్లేఆఫ్స్ చేరకపోతే తన ఉద్యోగం పోతుందని భయపడే జనరల్ మేనేజర్, ఎంత మంచి ఉద్దేశం ఉన్నా, ఆ కుర్రాడికి సరైన సంరక్షకుడు కాలేడు. దయచేసి ఆ మాట యజమానులతో డ్రాఫ్ట్‌కు ముందే మాట్లాడుకోండి.

ఆర్థికంగా చూసినా మొదటి రౌండ్ ఒప్పందం ఈ ఓపికకు అనుకూలంగానే ఉంది. మొదటి రెండేళ్లకే పూర్తి హామీ ఉంటుంది, మూడో, నాలుగో ఏడు మీ ఇష్టం. ఆ తర్వాతి పెద్ద ఒప్పందంలో పాత గాయం తిరగబెడితే జట్టుకు రక్షణ కల్పించే షరతులు రాసుకోవచ్చు. 2017లో ఎంబీడ్ ఒప్పందంలో అలాంటివి ఉన్నాయి. కాబట్టి నిజమైన ఖర్చు జీతం కాదు. ఆ పిక్‌తో మీరు వదులుకున్న మరో ఆటగాడు, ఆ రెండేళ్ల కాలం.

ఒకే వైద్య చరిత్రను రెండు జట్లు ఎంత భిన్నంగా చదవగలవో 2025 చూపింది. ఫిబ్రవరిలో షార్లెట్ సెంటర్ మార్క్ విలియమ్స్ కోసం లేకర్స్ కుదుర్చుకున్న ఒప్పందం వైద్య పరీక్ష తర్వాత రద్దయింది. కొద్ది నెలలకే, జూన్‌లో, ఫీనిక్స్ అదే ఆటగాడి కోసం మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చింది. ఎవరు సరైనవారన్న తీర్పు నేను ఇవ్వను. కానీ ఆ మధ్య నెలల్లో ఇరవై మూడేళ్ల యువకుడి శరీరం గురించి లోకమంతా ఊహాగానాలు చేసింది. పరీక్షలో తప్పాడన్న ఒక్క మాట అతని పేరుకు అంటుకుంది, ఏ పరీక్షలో, ఏ కారణంతో అన్నది ఎవరికీ తెలియదు.

అందుకే చివరి విన్నపం వైద్య రహస్యాల గురించి. లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన 2023 సామూహిక ఒప్పందం ప్రకారం కంబైన్‌కు (డ్రాఫ్ట్‌కు ముందు జరిగే పరీక్షల శిబిరానికి) ఆహ్వానం అందుకున్న ఆటగాడు అక్కడి వైద్య పరీక్షలకు హాజరు కాకపోతే ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు అర్హత కోల్పోతాడు. అంటే తన శరీరాన్ని మీకు చూపించకుండా ఉండే దారి ఇక అతనికి లేదు. ఆ బలవంతపు హక్కు మీకు దక్కినప్పుడు బాధ్యత కూడా దక్కింది. పేరు చెప్పని అధికారుల ద్వారా ఒక కుర్రాడి మోకాలి సంగతి డ్రాఫ్ట్‌కు వారం ముందు బయటికి పొక్కడం, దానివల్ల అతని స్థానం పడిపోతే ఎవరో లాభపడటం ఇక ఆగాలి. మీ వైద్యులు ఏం చూశారో ముందుగా అతనికి, అతను ఎంచుకున్న వైద్యుడికి పూర్తిగా చెప్పండి. భిన్నాభిప్రాయం ఉంటే దాన్ని రాతపూర్వకంగా మీ నివేదికలో చేర్చండి. నొప్పి గురించి అడిగే సంభాషణను ఎంపిక నిర్ణయంలో ఓటు లేని వైద్యుడికి అప్పగించండి, నిజం చెప్పినందుకు ఒప్పందంలో ఏ శిక్షా ఉండదని ఆ సంభాషణకు ముందే అతనికి రాసి ఇవ్వండి. ఈ పనులకు లీగ్ కార్యాలయం అనుమతి కావాలంటే ఆటగాళ్ల సంఘంతో కలిసి అడగండి. వచ్చే కంబైన్‌కు ముందే అడగండి.

ఇట్లు,
సెంటర్ల ఆటను ప్రేమించే ఒక అభిమాని